గడప దాటని పండుగ

2020 వ సంవత్సరమున డిసెంబరు మొదటి తేది రాత్రి మా యింటి పిట్టగోడపై నక్షత్రము వెలుగలేదు. మేము హిమాయత్‌నగరమునకు కాపురము వచ్చి అప్పటికి తొమ్మిదేండ్లు. ఆ తొమ్మిదేండ్లలో అట్లు జరుగుట అదియే మొదటిసారి. మా వీధిలో చాలమందికి మా పేళ్లు తెలియవు గాని మా నక్షత్రము తెలియును. కూరగాయల బండివాడు "నక్షత్రపు మాస్టరుగారి యిల్లు" అని గురుతు చెప్పును. అట్టి నక్షత్రమును ఆ యేట కట్టవలెనా మానవలెనా యని మేము మూడు వారములు తర్జనభర్జన పడితిమి. ఆ సంగతియు, మహమ్మారి దినములలో ఇంటనే యుండి క్రిస్మసు పండుగను జరుపుకొన్న తీరును, అందు మేము చేసిన యొక పొరపాటును సోదరీమణులకు విన్నవించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది క్రైస్తవ కుటుంబము. మావారు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులు. చిన్ననాడు కాలికి జబ్బుచేసి మేము బడికి పోజాలకుంటిమి. తెలుగు పండితులైన మా తాతగారే యింట కూర్చుండబెట్టి అమరమును, భారత భాగవతములను చెప్పిరి. ఇంటిలో మా అత్తగారు, పదేండ్ల కుమారుడు, ఆరేండ్ల కుమార్తె. మా యిల్లు హిమాయత్‌నగరమునుండి అశోక్‌నగరము వైపు దిగు సందులలో నొకదానియందున్నది. క్రింది భాగమున ఇంటి యజమానులు, మేడమీద మేము. ఆ దంపతులను బాబాయిగారు, పిన్నిగారు అని పిలుచుట మాకు అలవాటు. మేడమెట్లు ఇంటికి ఉత్తరపు ప్రక్కన, వారి వంటయింటి తలుపు నెదుటనే యుండును. కావున ఎవరు ఎక్కినను దిగినను పిన్నిగారికి తెలియకుండ జరుగదు.

బాబాయిగారు విద్యుచ్ఛక్తి శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. వెదురుబద్దలతో చట్రము కట్టి, రంగుకాగితము అంటించి, నక్షత్రమును తయారుచేయుట మావారి పని. దానిలోపల దీపమమర్చి, తీగ లాగి, మీట బిగించుట బాబాయిగారి పని. అన్యులను ఆ తీగ తాకనిచ్చెడివారు కారు. "మాస్టారూ, పద్యం మీది, కరెంటు నాది" అని నిచ్చెనపైనుండి నవ్వెడివారు. వారు వైష్ణవాచార పరులు. ముక్కోటి ఏకాదశినాడు తెల్లవారక ముందే దంపతులిద్దరును చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికి నడచిపోయి ఉత్తరద్వార దర్శనము చేసికొని వచ్చెడివారు. క్రిస్మసుకు మా గరిజెలు క్రిందికి దిగుట, సంక్రాంతికి వారి అరిసెలు పైకెక్కుట మామూలు.

తెలంగాణమున మొదటి కరోనా రోగము 2020 మార్చి 2 వ తేదిన బయటపడెను. మార్చి 22 న జనతా కర్ఫ్యూ, పిమ్మట 25 నుండి దేశమంతటను లాక్‌డౌను. వాహనముల రొదతో మారుమ్రోగు నారాయణగూడ కూడలిలో పట్టపగలు కోయిల కూత వినవచ్చెను. మా యింటికి కొలది దూరముననే, నారాయణగూడలోని వ్యాధి నివారణ వైద్యసంస్థలో రోగపరీక్షలు జరుగుచుండుటచే ఆ దారిని పోవుటకే జనులు జంకెడివారు. మా అత్తగారికి మాత్రము ఈ మాటలేవియు క్రొత్తవి కావు. నల్లకుంటలోని ఫీవరాసుపత్రిని ఆమె వయస్సువారు నేటికిని "కోరంటి దవాఖానా" యందురు. అది క్వారంటైను అను పరదేశ శబ్దము మన జనుల నాలుకపై నలిగి పుట్టిన పేరు. ఆ శబ్దమునకు మూలార్థము నలువది యని మావారు చెప్పిరి. పూర్వము ఇటలీదేశపు రేవులలో రోగభయముగల నౌకలను నలువది దినములు దూరముగా నిలిపెడివారట. మనవారు దీక్షలకు విధించు మండలమును నలువది దినముల మాటయే గదా! దూరముండుట శిక్ష కాదు, ఒక దీక్ష యని మేము పిల్లలకు చెప్పుటకు ఆ మాట పనికివచ్చెను. ఆ వేసవిలో కుమారునకు విరాటపర్వము చదివి చెప్పుచుండగా వాడు, "అమ్మా, మనదిగూడ అజ్ఞాతవాసమేనా? ఎవరైన చూచిన మరల మొదటికి వచ్చునా?" అని యడిగెను. మాకు నవ్వును వచ్చెను, దిగులును కలిగెను.

ఇట్టి దినములు దేశమునకును క్రొత్త కావు. 1918 లో, మొదటి ప్రపంచయుద్ధము ముగియవచ్చిన వేళ, ఇన్‌ఫ్లుయెంజా జ్వరము బొంబాయి రేవున దిగి, రైలు దారుల వెంబడి దేశమంతటను ప్రాకి, ఒక్క హిందూదేశముననే కోటిమందికి పైగా బలిగొన్నదని చరిత్రకారులందురు. మా అత్తగారి పుట్టినిల్లు మెదకు. అచ్చటి పెద్ద గుడి అప్పటికి కట్టుబడిలోనే యుండెను. పోస్నెట్టు దొరగారు 1914 లో ఆరంభించిన ఆ పని పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25 వ తేదిన ప్రతిష్ఠ జరిగెను. 175 అడుగుల శిఖరము గల ఆ గుడి కరువుకాలమున బీదలకు కూలి కల్పించి, అన్నముపెట్టి కట్టించినది. మా అత్తగారి తాత అచ్చట రాళ్లు మోసెనని వారి యింటి వాడుక. "మా తాత దేవునికొరకు మోయలే, గంజికొరకు మోసిండు. దేవుడు దాన్నే లెక్కల రాసుకున్నడు" అని ఆమె తరచుగా ననును. ఆ మాటలోని బరువు మాకు ఆ యేడు గాని తెలియలేదు.

తెలియుటకు కారణమున్నది. బడులు మూతపడినవి. పిల్లల తలిదండ్రులకే పనులు లేవు. వారు జీతములు కట్టలేకపోయిరి. ఏప్రిల్ మొదలు మావారి జీతము సగమయ్యెను. వేసవి రెండు నెలలు అదియు లేదు. సెప్టెంబరునుండి ఫోనులోనే పాఠములు. పద్యము రాగమున చదివి, అవతలివైపు పిల్లలున్నారో లేరో తెలియక, "వినబడుచున్నదా?" యని పదిమారులు అడుగుచుండిరి. మేము పొడులును ఊరగాయలును చేసి తెలిసినవారికి అమ్మితిమి. బియ్యపుడబ్బా అడుగు కనబడిన నాడు గంజికొరకు మోసిన రాళ్ల మాట మా చెవిలో మెదలెను.

ఆగస్టు నెలలో బాబాయిగారికి జ్వరము తగిలెను. తొమ్మిదవ నాడు ఒక ఆసుపత్రిలో వారు కన్నుమూసిరి. కడసారి చూపునకై దేహమును ఇంటికి తెచ్చు వీలు లేకపోయెను. కుమారుడు విదేశమునుండి సమయమునకు రాలేకపోయెను. పిన్నిగారు పదునాలుగు దినములు క్రింద ఒంటరిగా తలుపు వేసికొని యుండిరి. అన్యదినములలో నైనచో మేము ఆమెను కౌగిలించుకొని ఏడ్చియుందుము. అప్పుడు చేయగలిగినది ఒక్కటే: మేడమీదినుండి కూరగాయలు తీసికొను తాటి బుట్టలో అన్నము, చారు పెట్టి దించుట. ఆమె గిన్నెలు తీసికొని, తాటిని ఒకమారు లాగి వదలును. ఆ లాగుటయే "అందినది" అనుటకు గురుతు. ఆ పక్షము దినములు మా యిండ్ల నడుమ మాట అంతయు ఆ తాటిమీదనే నడచెను.

అక్టోబరు 13, 14 తేదులలో హైదరాబాదున కుండపోత కురిసెను. నగర పరిసరములలో కొన్నిచోట్ల ఒక్క దినముననే 30 సెంటీమీటర్లకు మించి వర్షము పడెను. హుస్సేనుసాగరపు మిగులునీరు పారు నాలా పొంగి, దోమలగూడ, హిమాయత్‌నగరము, అశోక్‌నగరముల పల్లపు సందులన్నియు మునిగెను. అర్ధరాత్రి పిన్నిగారి యింట మోకాటిలోతు నీరు నిలిచెను. దూరముండవలెనను నియమమును ఆ రాత్రి నీరే చెరిపివేసెను. మావారు దిగిపోయి ఆమె చేయిపట్టి మెట్లెక్కించిరి. తొమ్మిది దినములు ఆమె మా అత్తగారి ప్రక్కమంచముపై పరుండిరి. ఇద్దరు ముసలమ్మలు రాత్రులందు ఏమి మాటలాడుకొనిరో మాకు తెలియదు. ఒకరి ప్రార్థనయు ఒకరి విష్ణు నామములును ఒకే గదిలో వినబడుచుండెను. బురద కడిగి, తడిసినవి పారవైచి, ఆమె తిరిగి క్రిందికి దిగునప్పటికి నెలాఖరు వచ్చెను.

ఆ తరువాత వచ్చినది డిసెంబరు. ఆగమనకాలపు ఆదివారములు మొదలయ్యెను. ఏయేటి కాయేడు ఈ దినములలో సెమీ క్రిస్మసు సభలును, అర్ధరాత్రులందు గాయకబృందములు ఇల్లిల్లు తిరుగుటయు, వారికి వేడి టీ యిచ్చుటయు ఉండెడివి. ఆ యేడు వీధి తలుపు తట్టినవారు లేరు. నక్షత్రము మాత్రము మా చేతిలోనిది. అయితే, క్రింద నొక యింట సంవత్సరీకము కాలేదు. ఆ సంవత్సరము వారికి పండుగ లేదు. ఆ కప్పుమీద మేము దీపము వెలిగించి పండుగ యని చాటుట ఎట్లు? పైగా ఏటేట ఆ దీపము పెట్టిన చేయి ఇప్పుడు లేదు. దానిని మరియొకరు పెట్టుట చూచిన పిన్నిగారి మనస్సు ఏమగును? వద్దని మావారనిరి. పిల్లలు ముఖములు చిన్నబుచ్చుకొనిరి. పిన్నిగారిని అడుగుటకు మాకు నోరు రాలేదు. అడిగినచో మొగమాటమునకై సరే యందురని భయము.

డిసెంబరు 20, ఆదివారము సాయంకాలము, పిన్నిగారే మెట్ల మొదట నిలిచి పిలిచిరి.

"ఏమే అమ్మాయీ, నక్షత్రం కట్టలేదేం?"

మేము పిట్టగోడ పట్టుకొని ఏమేమో నసిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "తీగ అటకమీదే ఉంది. వరదకు తడవలేదు. పిల్లవాణ్ణి పంపు" అనిరి.

కుమారుడు పోయి తెచ్చెను. చుట్టలు చుట్టి, మూడుచోట్ల దారముతో కట్టి, చివర దీపపు బుడ్డిని పాతగుడ్డలో పొదిగి బాబాయిగారు భద్రపరచిన తీగ అది. గుడ్డకు గ్రుచ్చిన కాగితపు ముక్కపై "మాస్టారి నక్షత్రం" అని వారి చేవ్రాత. మావారు ఆ కాగితమును చాలసేపు చేత పట్టుకొనిరి. ఆ రాత్రి నక్షత్రము వెలిగెను. పిన్నిగారు తమ గడపలో నిలిచి పైకి చూచి, "ఎడమవైపు కొంచెం వంగింది. ఆయనుంటే ఊరుకునేవారు కాదు" అని లోపలికి పోయిరి. మావారు మరల నిచ్చెన ఎక్కి దానిని సరిచేసిరి.

ఇక మా పొరపాటు. ఆ యేడు జూన్ 8 వ తేదినుండి దేవాలయములు, మసీదులు, చర్చిలు తిరిగి తెరువబడియుండెను. అయినను 65 ఏండ్లు దాటినవారు, 10 ఏండ్లలోపు బిడ్డలు, గర్భిణులు, దీర్ఘవ్యాధులు గలవారు ఇంటనే యుండుట మేలని ప్రభుత్వమువారు సూచించిరి. మా అత్తగారికి అప్పటికి 72 ఏండ్లు, మధుమేహము కలదు. "యాభై ఏండ్ల సంది తప్పలే. గుడికి పోకుంటె అది పండుగెట్లయితది?" అని ఆమె పట్టు. అయ్యగారు ఫోనుచేసి, ఆరాధనను ఫోనులోనే చూడవచ్చునని చెప్పినను ఆమె వినలేదు. అంతలో ఇంగ్లండులో రోగము క్రొత్తరూపు దాల్చినదని వార్త. లండను నగరమున ఆ క్రిస్మసుకు ఒక యింటివారు మరియొక యింటివారితో కూడరాదని శాసించిరి. డిసెంబరు 22 రాత్రినుండి ఆ దేశపు విమానములు మనదేశమునకు రాకుండ నిలిపివేసిరి. ఆ వార్త వినిన రాత్రి మేము మా అత్తగారి తెల్లచీరను తీసి, మా పెట్టెలో అడుగునపెట్టి, తాళము వేసితిమి. మా సంఘములోని స్త్రీలకు పండుగనాడు తెల్లచీర ముఖ్యము; చీర లేనిదే ఆమె కదలదని మా యెత్తు.

మరునాడు ఆమె తన పెట్టె తెరచి చూచిరి. మమ్ములను ఏమియు అడుగలేదు. ఆ పూట అన్నము సగము తినిరి. మరుసటి దినము పగలంతయు గోడవైపు తిరిగి పరుండిరి. కోపించిన నోటికి సమాధానము చెప్పవచ్చును. ఊరకున్న నోటికి ఏమి చెప్పుదుము? మేము చేసినది ఆమె మేలునకే యని మనస్సునకు నచ్చచెప్పుకొంటిమి. కాని డెబ్బదిరెండేండ్ల మనిషిని, తన బిడ్డను పెంచి పెద్దచేసిన తల్లిని, పసిబిడ్డనువలె బొమ్మ దాచి మోసగించితిమను సిగ్గు మమ్ములను విడువలేదు.

24 వ తేది సాయంకాలము, మేము వంటయింట గరిజెలు ఒత్తుచుండగా, ఆమె గుమ్మమువద్దకు వచ్చి నిలిచిరి.

"ఆ తెల్లచీర ఇయ్యవే. గుడికి గాదు, ఇంట్లనే కట్టుకుంట."

పిండిచేతులతోనే మేము ఆమె పాదములపై పడితిమి. ఆమె మమ్ములను లేవనెత్తి, "చెప్తె విందునో లేదో గని, చెప్పవలసి ఉండె" అని మాత్రమనిరి. ఆ మాటకు మేమెన్నటికిని బదులు చెప్పలేము. సోదరీమణులారా! ఇంటి పెద్దలను కాపాడవలసిన దినములు ఎవరికైనను వచ్చును. వారికి కారణము చెప్పుడు, బ్రతిమాలుడు, అవసరమైనచో పోట్లాడుడు. కాని వారి వస్తువును దాచకుడు. ప్రాణమును కాపాడబోయి మర్యాదను తీసివేయుట వైద్యము కాదు.

ఆ యేటి పండుగ వంటలు ఇట్లు జరిగినవి. పూర్వము చక్కెర, వెన్న, గ్రుడ్లు కలిపి బేకరీకి పంపినచో వారు తమ పొయ్యిలో కాల్చి యిచ్చెడివారు. అప్పుడు బేకరీకి పోవుటకు జంకును, చేతిలో సొమ్ము లేమియు. కావున పాత ప్రెషరు కుక్కరులో అడుగున రెండు గిన్నెల ఉప్పు పరచి, మూతకున్న రబ్బరును, విజిలును తీసివేసి, పది నిమిషములు కాచితిమి. మైదా ఒకటిన్నర గిన్నె, చక్కెర గిన్నెడు, వెన్న అరగిన్నె, గ్రుడ్లు మూడు, బేకింగు పౌడరు చెంచాడు, నారింజరసమున రాత్రి నానిన ఎండుద్రాక్ష, జీడిపప్పు గుప్పెడు. రంగునకై కొంచెము చక్కెరను మాడ్చి నీరుపోసి కలిపితిమి. నేయి పూసిన గిన్నెలో పిండిపోసి, ఉప్పుపై నిలిపి, మూతపెట్టి, సన్నని సెగపై ముప్పావుగంట. పుల్ల గ్రుచ్చి చూచిన తడి అంటరాదు. అడుగు ఒకింత మాడినను పిల్లలు ఆ మాడునకే పోట్లాడుకొనిరి. గరిజెలకు పుట్నాలపొడి, ఎండుకొబ్బరి, గసగసాలు, చక్కెర. ఇవి ఏ యేటికిని ఉండునవే. క్రొత్తబట్టలు మాత్రము లేవు. మా పెండ్లినాటి పట్టుచీర చెంగు చినిగియుండుటచే దానిని కత్తిరించి కుమార్తెకు గౌను కుట్టితిమి. అది తిరిగి తిరిగి అద్దమున చూచుకొనుట చూడగా, ఆ చీరకు మేము కట్టిన నాటికన్న ఆనాడే సార్థకత కలిగినట్లు తోచెను.

డిసెంబరు 25, శుక్రవారము, తెల్లవారుజామున నాలుగు గంటలకు అందరము లేచితిమి. నట్టింట చాప పరచి, పీటపై బైబిలు నుంచి, కొవ్వొత్తి వెలిగించితిమి. అత్తగారు తెల్లచీర కట్టుకొని, గుడిలో కూర్చుండునట్లే స్త్రీల వైపునకు, ఎడమప్రక్కన కూర్చుండిరి. మావారు ఫోను తీయబోగా, "ఆ డబ్బా తర్వాత. ముందు మనం పాడుదము" అనిరి. పాడుదమన్నను పుస్తకమేది? మా కీర్తనల పుస్తకము గుడి బల్లమీదనే మార్చినుండి యుండిపోయెను. ఆమె కన్నులు మూసికొని ఆరంభించిరి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను, వాని చరణములన్నిటితో, ఒకటి తరువాత నొకటి, తడబాటు లేక పాడిరి. చౌదరిగారు 1803 లో పుట్టి 1890 లో గతించినవారు. ఆయన రచించిన కీర్తనలు నేటికిని తెలుగు సంఘములన్నిట పాడుదురు. ఆమెకు చదువు అంతంత మాత్రము. గుడిలో నూరు గొంతుకలలో నొకటియై కలిసిపోవు ఆ గొంతుకలో అన్ని కీర్తనలున్నవని మేము పదునొకండేండ్లు ఒకే యింటనుండియు ఎరుగము! కుమారుడు నోరు తెరచి వినుచుండెను. సత్రములో స్థలము లేక పశువుల తొట్టిలో బిడ్డను పరుండబెట్టిన కథను మావారు చదివిరి. ఎన్నోమారులు వినిన కథయే. కాని తలుపులు మూసికొని తొమ్మిది నెలలు గడపిన మాకు, తలుపు దొరకని ఆ తల్లి కష్టము క్రొత్తగా వినబడెను.

పాట ముగిసి తలుపు తీయగా, క్రింద మెట్ల మొదట శాలువ కప్పుకొని పిన్నిగారు కూర్చుండియున్నారు. ఆ దినము ముక్కోటి ఏకాదశి. ఆ యేడు రెండు పర్వములును ఒకేనాడు పడినవి. మైలసంవత్సర మగుటచే ఆమె గుడికి పోరాదు. పోవుటకు తోడుగూడ లేదు. ఏండ్ల తరబడి ఆ వేళకు లేచి నడచిన కాళ్లు ఇంట నిలువలేదు కాబోలు.

"చలిలో కూర్చున్నారేమి పిన్నిగారూ?" అని మేమడిగితిమి.

"మీ అత్తగారు పాడుతుంటే వింటున్నాను. నాకు ఈ ఏడు ఉత్తరద్వారం ఈ మెట్లే" అనిరి.

అత్తగారు పైమెట్టుమీద కూర్చుండిరి. పిన్నిగారు క్రిందిమెట్టుమీద. నడుమ పదునాలుగు మెట్లు. గుడికి పోని యిద్దరు వృద్ధులు తెలతెలవారువరకు అట్లే మాటలాడుకొనిరి. పైన నక్షత్రపు దీపమును ఆర్పుట ఎవరికిని తోచలేదు.

తరువాత బుట్ట దించితిమి. కేకులో గ్రుడ్లున్నవి గావున గరిజెలు మాత్రమే పెట్టితిమి. ఏకాదశి ఉపవాసమగుటచే ఆమె వానిని డబ్బాలో దాచి, మరునాడు ద్వాదశి పారణ ముగిసిన పిదప తినిరి. తాటిని ఒకమారు లాగి వదలిరి. ఆగస్టు నెలలో మాకు అలవాటైన ఆ లాగుడే. కాని ఆనాడు చేతికి తేలికగా తగిలెను. కడమ గరిజెలను పొట్లములు కట్టి మావారు చెత్తబండి నడుపువానికిని, పాలవానికిని, తమ తరగతిలో తండ్రిని కోల్పోయిన యొక విద్యార్థి యింటికిని గుమ్మములందుంచి వచ్చిరి. మధ్యాహ్నము భోజనము బిర్యానీ కాదు, పప్పును కోడిగ్రుడ్ల పులుసును. ఎవరును కొరత యనలేదు.

పండుగ యనగా గుమిగూడుట యని మేము అంతవరకు తలచియుంటిమి. గుంపు లేకపోవుట లోటే. కాదని దొంగమాట చెప్పము. గంటల మ్రోతయు, నూరుగొంతుకల పాటయు ఇంట రావు. అయితే ఆ గుంపులో మేము చూడక పోగొట్టుకొన్నవి కొన్ని ఆ యేడు కంటబడినవి: మా యత్తగారి గొంతుక, బాబాయిగారి చేవ్రాత, క్రిందియింట ఒంటరిగా మేలుకొనియున్న మనిషి. కాళ్లు గడప దాటరాదన్న నాడే, గడపను దాటవలసినది కాళ్లు కాదని తెలిసెను. దూరముండుట ప్రేమ లేకపోవుట కాదు. ఆ దూరమునకు నడుమ తాడొకటి వ్రేలాడదీయవలెను. అవతల నొకరు లాగిరా లేదా యని చేయి అప్రమత్తముగా నుండవలెను.

పిమ్మటి సంగతులు క్లుప్తముగా చెప్పి ముగింతుము. 2021 జనవరి 16 న దేశమున టీకాలు మొదలయ్యెను. మార్చి మొదటి తేదినుండి 60 ఏండ్లు పైబడినవారికి వేయసాగిరి. పిన్నిగారును అత్తగారును ఒకే ఆటోలో పోయి వేయించుకొని వచ్చిరి. జీతములు లేని ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇత్తుమని ఆ ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వము ప్రకటించెను. ఆ బియ్యము సంచి ఇంట దిగిన నాడు అత్తగారు తన తాతను తలచుకొనిరి. రెండవ ఉప్పెన అదే వేసవిలో వచ్చి, ఎందరినో కొనిపోయెను; మా యింట దేవుని దయవలన అందరము మిగిలితిమి. 2024 డిసెంబరు 25 న మెదకు గుడికి నూరేండ్లు నిండెను. ఆనాడు అత్తగారిని అచ్చటికి తీసికొనిపోతిమి. తన తాత మోసిన రాయి ఏదో తెలియదు గనుక ఆమె అందిన రాతినెల్ల తడవిరి.

గుడికి పోవుట తిరిగి మొదలయినను, పోవుటకు ముందు నాలుగు గంటలకు నట్టింట చాప పరచుట మాత్రము మేము మానలేదు. మొదటి కీర్తన అత్తగారిదే. డిసెంబరు మొదటి తేదిన నక్షత్రము కట్టుట మావారి పని. తీగ ఆ పాత తీగయే. కాగితపు ముక్క దానికింకను గ్రుచ్చియున్నది. మీట నొక్కుట పిన్నిగారి వంతు.